మూత్రాశయంలో దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారికి సహజ కాన్పా, సిజేరియనా: ఎలా నిర్ణయించుకోవాలి?

తొలిచూలు

అందరికీ నమస్కారం. నాకు కొన్నేళ్లుగా ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ ఉంది. బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అని కూడా దీన్నే అంటారు. మూత్రాశయం కాస్త నిండేసరికి పొత్తికడుపు అడుగున నొప్పి మొదలై, మూత్రానికి వెళ్లి వచ్చాక కొంత ఉపశమించి, మళ్లీ నిండేకొద్దీ పెరుగుతుంది. మూత్రంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఇన్ఫెక్షన్ ఏదీ కనిపించదు. నొప్పి తిరగబెట్టిన రోజుల్లో రాత్రంతా గంట గంటకూ లేవవలసి వస్తుంది. ఇప్పుడు నాకు ఎనిమిదో నెల, మొదటి కాన్పు. బిడ్డ ఎదుగుదల బాగుంది, తల కిందికే తిరిగి ఉంది, నాకు బీపీ గానీ షుగరు గానీ లేవు. నడిమి నెలల్లో నొప్పి చాలావరకు తగ్గింది. ఈ మధ్య బిడ్డ తల కిందికి దిగుతున్నకొద్దీ మళ్లీ మొదలైంది.

నా సందేహం కాన్పు పద్ధతి గురించి. గైనకాలజిస్టును అడిగితే, ఈ జబ్బు ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదని, అయినా నేను సిజేరియన్ కోరుకుంటే మాట్లాడుకుందామని, నిర్ణయం నాదేనని అన్నారు. యూరాలజిస్టును అడిగితే, అది గైనకాలజిస్టు తేల్చవలసిన విషయమన్నారు. ఇద్దరి మీదా నాకు గౌరవం ఉంది. కానీ నా ప్రశ్న మాత్రం ఇద్దరి మధ్యా ఎటూ తేలకుండా ఉండిపోయింది.

గంటల తరబడి బిడ్డ తల ఒత్తిడి పడితే మూత్రాశయం శాశ్వతంగా ఇంకా దెబ్బతింటుందేమోనని ఒక భయం. కుట్లు పడితే ఆ చోటు మానాక కూడా బిగుసుకుపోయి, ఉన్న నొప్పికి మరో నొప్పి తోడవుతుందేమోనని మరొకటి. సిజేరియన్ అనుకుందామంటే కోత మూత్రాశయానికి ఆనుకునే పడుతుందని చదివాను. అన్నిటికంటే క్యాథెటర్, అంటే మూత్రం తీయడానికి మూత్రాశయంలోకి పెట్టే పైపు, అంటే ఎక్కువ భయం. లోగడ సిస్టోస్కోపీ (సన్నని కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) చేసినప్పుడు పెట్టిన పైపు తీసేశాక మూత్రనాళంలో మంట చాలాకాలం తగ్గలేదు. ఈ సమస్యతో ప్రసవించినవారు, వైద్యరంగంలో ఉన్నవారు ఎవరైనా ఉంటే చెప్పగలరని ప్రార్థన. ధైర్యం చెప్పేవారు నాకు చాలామంది ఉన్నారు. ఏ దారిలో మూత్రాశయానికి ఏం జరుగుతుందో చెప్పేవారే కావాలి.

ప్రసూతి వైద్యురాలు

మీ గైనకాలజిస్టు చెప్పినది నిజమే, ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. అయితే నిర్ణయం మీదేనని చెప్పినప్పుడు, దేన్ని చూసి నిర్ణయించుకోవాలో కూడా చెప్పాలి. నా అభిప్రాయంలో మీరు ముందు అడగవలసిన ప్రశ్న సహజమా, ఆపరేషనా అన్నది కాదు. మీ నొప్పిని రేపుతున్నది ఏది అన్నది. ఈ జబ్బు ఉన్నవారిలో కొందరికి మూత్రాశయం నిండడమే నొప్పి, కొందరికి మూత్రనాళానికి ఏది తగిలినా మంట, మరికొందరికి కటి అడుగు భాగంలోని కండరాలు ఎప్పుడూ బిగుసుకుని ఉండడం వల్ల వచ్చే నొప్పి. చాలామందిలో ఇవి కలిసే ఉంటాయి గానీ ఏదో ఒకటి ముందుంటుంది. ఆ ముందున్నది ఏదో తెలిస్తే, ఏ కాన్పులో ఏ ఘట్టం మీకు ప్రమాదకరమో తెలుస్తుంది. కాన్పు ఎలా జరిగినా ఆ ఘట్టాన్ని చాలావరకు మార్చుకోవచ్చు.

మొదట నిండడం సంగతి. మూత్రాశయం గర్భసంచి కింది భాగానికి ముందువైపు ఆనుకుని ఉంటుంది. నొప్పులు సాగుతున్నప్పుడు అది నిండి ఉంటే బిడ్డ తల దిగడానికి అడ్డం పడుతుంది, ఒత్తిడీ పెరుగుతుంది. అందువల్ల నొప్పుల సమయంలో ప్రతి రెండు మూడు గంటలకు, మీ వంటివారైతే అంతకంటే ముందే, మూత్రానికి వెళ్లి రావాలి. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తు) తీసుకోకుండా నడవగలిగే స్థితిలో ఉంటే ఇది తేలిక. ఎపిడ్యూరల్ తీసుకుంటే నొప్పితో పాటు నిండినట్టు తెలిసే స్పర్శ కూడా పోతుంది. పక్కన సెలైన్ ఎక్కుతూ ఉంటుంది, మూత్రాశయం మాత్రం చప్పుడు లేకుండా నిండుతూ పోతుంది. కాబట్టి మీరు ఎపిడ్యూరల్ కోరుకుంటే, మూత్రాశయాన్ని ఎంతసేపటికొకసారి, ఎలా ఖాళీ చేస్తారో ముందే అడిగి తెలుసుకోండి. సన్నని పైపుతో అప్పుడప్పుడు ఖాళీ చేయడం ఒక పద్ధతి, క్యాథెటర్‌ను అలాగే ఉంచేయడం మరొకటి. మూత్రనాళం సున్నితంగా ఉన్నవారికి పదే పదే పైపు పెట్టడం కంటే, మత్తు పనిచేశాక ఒక్కసారి పెట్టి ఉంచడమే మేలని నేను భావిస్తాను.

ఇక తల ఒత్తిడి. నొప్పులు సజావుగా సాగి, చివరి దశ మరీ పొడవు కాకుండా జరిగే సహజ కాన్పు వల్ల మూత్రాశయం గోడకు శాశ్వత నష్టం కలగడం అరుదు. నేను ఎక్కువగా జాగ్రత్తపడేది చాలాసేపు ఆగకుండా ముక్కవలసి వచ్చినప్పుడు, బిడ్డ తలను పట్టి లాగే పటకారు వంటి ఫోర్సెప్స్ వాడవలసి వచ్చినప్పుడు. కటి అడుగు కండరాలు ఎముక నుంచి విడిపోయే ప్రమాదం, తలకు కప్పు అతికించి లాగే వాక్యూమ్ కంటే ఫోర్సెప్స్‌తో ఎక్కువ. పనిముట్టు సాయం అవసరమైతే మీ విషయంలో ఏది వాడతారో, ఏ పరిస్థితిలో దాన్ని విడిచిపెట్టి ఆపరేషన్‌కు వెళ్తారో ముందుగానే మాట్లాడుకోండి. నొప్పులు నడుస్తుండగా ఆ చర్చకు తీరిక ఉండదు. కోత, కుట్ల విషయానికొస్తే, అందరికీ అలవాటుగా ఎపిసియాటమీ (యోని ద్వారం దగ్గర పెట్టే కోత) చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 ప్రసవ మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది. చివరి దశలో వెచ్చని నీటిలో తడిపిన గుడ్డను ఆ చోట అదిమి పట్టడం వల్ల పెద్ద చీలికలు తగ్గుతాయని కూడా అందులో ఉంది. చాలా చిన్న పని ఇది, అడిగితే చేస్తారు.

సిజేరియన్‌లో జరిగేది వేరు. గర్భసంచి కింది భాగంలో కోత పెట్టడానికి మూత్రాశయాన్ని కొద్దిగా కిందికి జరుపుతారు. మొదటి ఆపరేషన్‌లో పొరను వేరుచేసి మూత్రాశయాన్ని దించకుండానే బిడ్డను తీయగలిగిన సందర్భాలు చాలా ఉంటాయి. మీ సమస్యను చెప్పి, వీలైతే అలా చేయమని అడగవచ్చు. మూత్రాశయానికి గాయం కావడం సుమారుగా వెయ్యి ఆపరేషన్లలో ఒకసారి జరుగుతుంది. అంతకుముందు సిజేరియన్ అయి లోపల పొరలు అతుక్కుపోయినవారిలో, నొప్పులు పూర్తిగా వచ్చి తల బాగా దిగాక అత్యవసరంగా ఆపరేషన్ చేయవలసి వచ్చినవారిలో ఇది ఎక్కువ. అప్పటికప్పుడు గుర్తించి కుట్టేస్తే చాలావరకు బాగా మానుతుంది. కానీ అప్పుడు క్యాథెటర్ ఒకటి రెండు వారాలు ఉంచవలసి వస్తుంది. మీకు అది చిన్న విషయం కాదు.

మీకు ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారో లేదో కూడా దీనిలో భాగమే. సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ లోపల అతుకులు పెరుగుతాయి, తరువాతి గర్భంలో మాయ పాత కోత మీదే నాటుకుని లోతుకు చొచ్చుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. అలా చొచ్చుకుపోయిన మాయ కొన్నిసార్లు మూత్రాశయం దాకా వస్తుంది. మూత్రాశయాన్ని కాపాడుకోవడం కోసమే మొదటి సిజేరియన్‌ను ఎంచుకునేవారు ఈ మాట తప్పక విని ఉండాలి.

ఇద్దరు బిడ్డల తల్లి

అమ్మా, నాకు కూడా ఇదే జబ్బు. నా కాన్పులు రెండూ సహజంగానే జరిగాయి. రెండూ రెండు రకాలుగా జరిగాయి కాబట్టి రాస్తున్నాను.

మొదటిసారి ఎపిడ్యూరల్ తీసుకున్నాను. నొప్పి తెలియక హాయిగానే ఉంది. కానీ ఒక దశలో షిఫ్టు మారి, వచ్చిన కొత్త సిస్టర్‌కు నా మూత్రాశయం సంగతి ఎవరూ చెప్పలేదు. పొత్తికడుపు మీద చేయి వేసి చూసిన మరొక పెద్దావిడ, బొడ్డు కింద ఉబ్బుగా ఉన్నది బిడ్డ కాదని, మూత్రమని గుర్తించి వెంటనే పైపు పెట్టించారు. వచ్చిన మూత్రం చూసి అక్కడున్నవారే ఆశ్చర్యపోయారు. బిడ్డ క్షేమంగా పుట్టింది, కుట్లు కూడా తొందరగానే మానాయి. కానీ అంతగా సాగిన మూత్రాశయం మాత్రం చాలాకాలం నన్ను ఏడిపించింది. బిడ్డ తల వల్ల నొప్పి పెరుగుతుందని నేను ముందు భయపడ్డాను, తీరా చూస్తే నన్ను బాధపెట్టింది ఎవరూ చూసుకోని ఆ నిండుదనం.

రెండోసారి నా భర్త చేతికి ఒకే ఒక కాగితం ఇచ్చాను. దాని మీద పెద్ద అక్షరాలతో, ఈమెకు మూత్రాశయ జబ్బు ఉంది, మత్తు ఇచ్చాక రెండు గంటలకు మించి మూత్రాశయాన్ని నిండనివ్వవద్దు అని రాసి ఉంది. గదిలోకి ఎవరు వచ్చినా ఆయన ముందు ఆ కాగితం చూపించేవారు. ఈసారి మత్తు పట్టాక సన్నని క్యాథెటర్ పెట్టి, ట్యూబును తొడకు అతికించారు. అలా అతికించకపోతే పక్కకు తిరిగిన ప్రతిసారీ అది మూత్రనాళాన్ని లాగుతుంది, ఆ లాగుడే తరువాత మంటకు కారణమవుతుంది. ముక్కే సమయం వచ్చేముందు దాన్ని తీసేశారు. వెల్లకిలా పడుకోకుండా ఎడమ పక్కకు తిరిగి పడుకుని, పై కాలిని ఒకరు పట్టుకుంటే అలాగే బిడ్డను కన్నాను. ఆ భంగిమలో వెనుకకు, కిందికి ఒత్తిడి తక్కువగా అనిపించింది, చీలిక కూడా పైపైనే అయింది.

మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. కాన్పు అయిన తరువాతి రోజులను కూడా లెక్కలోకి తీసుకోండి. ఒంట్లో చేరిన నీరంతా బయటికి పోవడం వల్ల మొదటి కొన్ని రోజులు మూత్రం విపరీతంగా వస్తుంది. పచ్చి కుట్లతో, ఒళ్లో పసిబిడ్డతో, గంట గంటకూ లేవలేక బిగపట్టుకుంటే జబ్బు తిరగబెడుతుంది. మంచానికి దగ్గరలో మూత్రశాల ఉన్న గది అడగండి. మూత్రం పోసేటప్పుడు కుట్ల మీద గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ ఉంటే మంట తెలియదు. రాత్రిపూట మీరు లేచినప్పుడు బిడ్డను అందుకోవడానికి ఒక మనిషి పక్కన ఉండేలా చూసుకోండి.

నిదానంగా

నేను సిజేరియన్‌నే కోరుకున్నాను, కోరుకున్నందుకు ఏనాడూ బాధపడలేదు. నాది మూత్రాశయం నిండడం కంటే కటి కండరాల బిగుతు ఎక్కువగా ఉన్న రకం. గర్భం రాకముందు మామూలు పరీక్ష చేయించుకోవడమే నాకు దుర్భరంగా ఉండేది. డాక్టరుగారు నాతో రెండు విడతలు కూర్చుని మాట్లాడి, సహజ కాన్పుకు ప్రయత్నించి మధ్యలో ఆపరేషన్‌కు మారవలసి వస్తే రెండు రకాల బాధా నేనే పడవలసి వస్తుందని, అందులో నాకు ఏది ఎక్కువ భరించరానిదో ఆలోచించుకోమని అన్నారు. ఆలోచించుకుని, 39వ వారంలో ఆపరేషన్‌కు తేదీ పెట్టించుకున్నాను.

క్యాథెటర్ గురించి మీరు భయపడుతున్నారు కాబట్టి వివరంగా చెబుతాను. చాలాచోట్ల ఆపరేషన్‌కు ముందే వార్డులో క్యాథెటర్ పెట్టేస్తారు. నేను మాత్రం వెన్నులో మత్తు సూది ఇచ్చి, కాళ్లు పూర్తిగా మొద్దుబారాకే పెట్టమని కోరాను. మత్తు డాక్టరుగారు సరేనన్నారు, పెట్టినట్టు కూడా నాకు తెలియలేదు. రబ్బరుది కాకుండా సిలికాన్‌ది, వీలైనంత సన్ననిది వాడమని అడిగాను. మరునాడు లేచి నడవగలిగిన వెంటనే తీయించుకున్నాను. తీసిన రోజున మూత్రానికి వెళ్లినప్పుడల్లా మంట ఉంది, తరువాత తగ్గింది. ఆపరేషన్ నొప్పి కోసం ఇచ్చిన మందుల వల్ల మలబద్ధకం వచ్చి, దానివల్ల కటి నొప్పి పెరగడం మాత్రం నేను ఊహించలేదు. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి. కోత మానేవరకు లేచి కూర్చోవడం కష్టమే. మూత్రాశయం నిండినప్పుడు కుట్ల లోపలి వైపు లాగినట్టు ఉండడం కొన్ని వారాలు సాగింది.

ఫిజియోథెరపిస్టు

నేను కటి కండరాల చికిత్స చేస్తుంటాను, అందుకే ఒక్క విషయం మీదనే రాస్తాను. పై సోదరి చెప్పిన బిగుతు ఈ జబ్బు ఉన్నవారిలో చాలా ఎక్కువగా కనిపిస్తుంది, కానీ దాని గురించి గర్భిణికి చెప్పేవారు తక్కువ. నొప్పి వచ్చిన ప్రతిసారీ శరీరం తనకు తెలియకుండానే కింది కండరాలను బిగిస్తుంది. ఏళ్ల తరబడి అలా బిగించిన కండరానికి వదలడం మరిచిపోయినట్టవుతుంది. ప్రసవంలో బిడ్డ తల దిగడానికి ఆ కండరాలు వదులై సాగాలి. కాబట్టి మీకు ఇప్పుడు అవసరమైనది కండరాలను బలపరచడం కాదు, వదలడం నేర్చుకోవడం.

గర్భిణులందరికీ ఇచ్చే కరపత్రంలో కెగెల్ వ్యాయామాలు, అంటే కటి కండరాలను బిగించి వదిలేవి, ఉంటాయి. బిగుతు సమస్య ఉన్నవారు వాటిని చేస్తే నొప్పి పెరుగుతుంది. ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ చికిత్సకు అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ ఇచ్చిన మార్గదర్శకాలలో కూడా, కటి కండరాలను బలపరిచే వ్యాయామాలకు దూరంగా ఉండాలనీ, బిగుసుకున్న చోట్లను చేతితో సడలించే చికిత్స చేయించాలనీ ఉంది. కాన్పు అయ్యాక వార్డులో ఎవరో వచ్చి అందరితో పాటు మీకూ కెగెల్స్ మొదలుపెట్టమని చెబుతారు. కండరాలను పరీక్షించేవరకు మొదలుపెట్టనని మర్యాదగా చెప్పండి.

ఇంట్లో చేసుకోగలిగినది ఇది. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పక్కకు ఒరిగి పడుకుని, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చుతూ, పొట్ట నిండేటప్పుడు మూత్రద్వారం, మలద్వారం చుట్టూ ఉన్న కండరాలు కిందికి వాలుతున్నాయో లేదో గమనించండి. గాలి వదిలేటప్పుడు ఏదీ బిగించకండి. మొదట్లో ఏమీ తెలియదు, కొద్ది రోజులకు ఆ కదలిక దొరుకుతుంది. ముక్కేటప్పుడు ఊపిరి బిగపట్టి ముఖం ఎర్రబడేలా ముక్కడం కంటే, ఈ వదులు చేసే ఊపిరితో, నొప్పి వచ్చినప్పుడు మాత్రమే ముక్కడం మీ వంటివారికి అనువుగా ఉంటుంది. 34, 35 వారాల నుంచి యోని ద్వారం దగ్గర నూనెతో మృదువుగా మర్దన చేసుకోవడం మొదటి కాన్పు వారికి కుట్ల అవసరాన్ని కొంత తగ్గిస్తుంది. అయితే ఆ మర్దనే మీకు మంట పుట్టిస్తుంటే మానేయండి. వేలు తగిలితేనే నొప్పి భరించలేనంతగా ఉంటే ఆ సంగతి మీ డాక్టరుకు చెప్పండి, కాన్పు పద్ధతిని నిర్ణయించడానికి అంతకంటే పనికొచ్చే సమాచారం ఉండదు.

తొలిచూలు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇన్నాళ్లూ నేను రెండు తలుపుల ముందు నిలబడి ఏది తెరవాలా అని చూస్తున్నాననుకున్నాను, లోపల ఉన్న గదులేవో ఇప్పుడు కొంత కనిపిస్తున్నాయి. నాకు నిండడమే ప్రధానమైన నొప్పి, మూత్రనాళంలో మంట దాని తరువాతది. మర్దన చేసుకుని చూశాను, బిగుతు ఉంది కానీ భరించగలుగుతున్నాను. అందువల్ల సహజ కాన్పుకే ప్రయత్నించాలని మనసు మొగ్గుతోంది. ఎపిడ్యూరల్ మాత్రం ముందుగానే తీసుకుని, క్యాథెటర్ విషయం రాయించుకుంటాను.

వైద్యురాలిగారికి ఇంకొక ప్రశ్న. నేను ఈ నొప్పికి రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ అనే మందు వాడుతున్నాను. కాన్పు దగ్గర పడుతోంది కాబట్టి ఆపేయాలా? గర్భానికి ముందు ఇదే జబ్బుకు హైడ్రాక్సిజిన్, పెంటోసాన్ అనే మందులు కూడా వాడేదాన్ని, వాటిని మొదట్లోనే ఆపించారు. మరొకటి, ఈ వారం మంట ఎక్కువైంది. పాత జబ్బే కదా అని ఊరుకున్నాను.

ప్రసూతి వైద్యురాలు

చివరి మాటకు ముందు జవాబిస్తాను. ఊరుకోకండి, రేపే మూత్రం కల్చర్‌కు ఇవ్వండి. గర్భంలో మూత్రంలో సూక్ష్మజీవులు చేరితే అవి మూత్రపిండాల దాకా పాకి జ్వరం, నడుము నొప్పి తెప్పించే అవకాశం మామూలు రోజుల్లో కంటే ఎక్కువ, దానివల్ల నెలలు నిండకుండానే నొప్పులు వచ్చే ప్రమాదం కూడా ఉంది. మీ జబ్బు ఉన్నవారికి ఇన్ఫెక్షన్ వచ్చినా అది పాత మంటలాగే ఉంటుంది కాబట్టి, లక్షణాలను బట్టి ఉందనీ చెప్పలేము, లేదనీ చెప్పలేము. అలాగని పరీక్ష లేకుండా యాంటీబయాటిక్ వాడడమూ మంచిది కాదు. కల్చర్ ఫలితాన్ని బట్టి నడవాలి.

అమిట్రిప్టిలిన్‌ను మీ అంతట మీరు హఠాత్తుగా ఆపవద్దు. ఒక్కసారిగా ఆపితే నిద్ర పోతుంది, నొప్పి తిరగబెడుతుంది, వికారం కూడా రావచ్చు. చివరి వారాల వరకు వాడిన తల్లుల బిడ్డల్లో పుట్టిన మొదటి రోజుల్లో కొంత చిరాకు, వణుకు వంటివి కనిపించవచ్చు కాబట్టి, ఈ మందు వాడుతున్నారని పిల్లల డాక్టరుకు తెలిసి ఉండాలి. తగ్గించాలా, కొనసాగించాలా అన్నది మీకు దాన్ని రాసిన వైద్యులూ మీ గైనకాలజిస్టూ కలిసి తేల్చాలి. ఈ మందుకు మూత్రం ఆగేలా చేసే గుణం కూడా కొంత ఉంది. ఎపిడ్యూరల్ ప్రభావం దానికి తోడవుతుంది కాబట్టి, కాన్పు తరువాత మూత్రం సరిగా వస్తోందో లేదో మీ విషయంలో మరింత శ్రద్ధగా చూడాలి. పెంటోసాన్‌కు రక్తాన్ని స్వల్పంగా పలచబరిచే గుణం ఉంది. మీరు ఆపి చాలాకాలమైంది కాబట్టి వెన్నులో మత్తు ఇవ్వడానికి అది అడ్డం కాదు. అయినా వాడిన మందులన్నిటినీ మత్తు డాక్టరుకు చెప్పండి.

వీలైతే నొప్పులు రాకముందే మత్తు డాక్టరును ఒకసారి కలవండి. ఫైలు మొదటి పేజీలో మీ గైనకాలజిస్టు చేత ఈ విషయాలు రాయించుకోండి: మత్తు పనిచేశాకే, మొద్దుబార్చే జెల్ వాడి, సన్నని క్యాథెటర్ పెట్టాలి. ముక్కేముందు తీసేయాలి. కాన్పు తరువాత, లేదా క్యాథెటర్ తీసిన తరువాత, మొదటిసారి మూత్రం ఎప్పుడు, ఎంత వచ్చిందో కొలిచి రాయాలి. మామూలుగా 6 గంటలలోపు మూత్రం రాకపోతే స్కాన్ చేసి చూస్తారు. మీరు అంతసేపు ఆగనవసరం లేదు, మూడు నాలుగు గంటలకే చూడమని అడగండి. కొద్దికొద్దిగా చుక్కలుగా రావడాన్ని మూత్రం వచ్చినట్టుగా లెక్కించవద్దు, నిండి పొంగిపొర్లే మూత్రాశయం నుంచి కూడా అలాగే వస్తుంది.

మధ్యలో సిజేరియన్ అవసరమైతే, అప్పటికే ఉన్న ఎపిడ్యూరల్‌తోనే మత్తును పెంచి ఆపరేషన్ చేయవచ్చు, క్యాథెటర్‌ను కూడా మత్తులోనే మళ్లీ పెడతారు.

కొత్త మూత్రాశయం

చివరగా ఒక హెచ్చరిక, ప్రశ్న అడిగినవారికి కాదు, దీన్ని తరువాత చదివేవారికి. పైన రాసినవన్నీ మూత్రాశయంలో నొప్పి ఉన్నవారికి వర్తిస్తాయి. నాకు చిన్నప్పుడే పేగు ముక్కతో మూత్రాశయాన్ని పెద్దది చేసే ఆపరేషన్ జరిగింది, క్యాథెటర్‌తోనే రోజూ ఖాళీ చేసుకుంటాను. నా వంటివారి లెక్క వేరు. ఆ పేగు ముక్కకు రక్తం అందించే నాళాలు గర్భసంచి ముందు నుంచే వెళ్లవచ్చు. సిజేరియన్‌లో తెలియక అవి తెగితే మూత్రాశయమే పాడవుతుంది. అందువల్ల సహజ కాన్పుకు వీలుంటే దానికే మొగ్గు చూపేవారు ఉన్నారు. మూత్రాశయ ముఖద్వారాన్ని బాగుచేసే ఆపరేషన్ అయినవారికి మాత్రం ఆ మరమ్మతు చెడకుండా సిజేరియన్‌నే ఎక్కువగా సూచిస్తారు. ఆపరేషన్ అయితే ఆ గదిలో యూరాలజిస్టు కూడా ఉండేలా ముందే తేదీ కుదుర్చుకోవాలి. పాత ఆపరేషన్ కాగితాలు మీ దగ్గర లేకపోతే ఇప్పుడే తెప్పించుకోండి.

వెన్నుపాము దెబ్బతిని మూత్రాశయం స్పర్శ పోయినవారిది ఇంకొక దారి. దెబ్బ ఛాతీ భాగంలోని ఆరవ వెన్నుపూస స్థాయిలో గానీ అంతకుపైన గానీ ఉంటే, మూత్రాశయం నిండినా, నొప్పులు మొదలైనా బీపీ ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. వారికి నొప్పి తెలియకపోయినా ఎపిడ్యూరల్ ముందుగానే ఇవ్వడం అందుకే. తలనొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు కనిపిస్తే మొదట చూడవలసింది క్యాథెటర్ మెలిక పడిందేమోనని.